తల్లి తినకముందు

"నాయిన ఏమన్న తిన్నడా?"

ఆటో దిగి వాకిట్లో అడుగు పెడుతూనే భీమే అడిగిన మొదటి మాట అది. తానుండే కొంటా నుంచి తెచ్చిన సంచి ఇంకా భుజానే ఉంది. చెప్పులు కూడా విడవలేదు.

వాకిలి అలుకుతున్న మంగి తలెత్తి కూతురి వంక వింతగా చూసింది.

"ఏందే ఆ మాట? ఇయ్యాల మామిడి కొత్తల పండుగ. గద్దె మీద తల్లి తినకముందు మీ నాయిన ఎట్ల తింటడు?"

"గంజన్న తాగిండా? చాయ్?"

"నిన్న మాపటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలే. పెర్మ ఇంట్ల పుట్టి ఇయ్యి అడుగుతరా ఎవరన్న? కొంటా బజార్ల తిరిగి అన్నీ మరిచినవా?"

పెర్మ అంటే ఊరి తరఫున తల్లికి పూజ చేసే మనిషి. భీమే తండ్రి ముయా వాళ్ళ తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు ముయా చేస్తున్నాడు. చెట్ల నిండా కాయలు వేలాడుతున్నా సరే, తల్లికి పెట్టి ముయా ఒక ముక్క నోట్లో వేసుకునేదాకా ఆ ఊళ్ళో పసిపిల్ల కూడా మామిడికాయ కొరకదు. ఎర్రబోరు సడక్ మీద బస్సులు తిరుగుతున్నాయి, చేతిచేతికీ ఫోన్లు వచ్చాయి, ఈ కట్టుబాటు మాత్రం ఇసుమంత కదలలేదు.

భీమే సంచి అక్కడే పడేసి లోపలికి పరిగెత్తింది. నీళ్ళకుండ పక్కన తడి ఇసుకలో ఒక ముంత పాతిపెట్టి ఉంటుంది. కరెంటు ఉండీ లేని ఊళ్ళో ముయా చక్కెర జబ్బుకు వేసే ఇన్సులిన్ సీసా చల్లగా ఉండే చోటు అదొక్కటే. మూత తీసి చూసింది. సీసాలో మందు తాను పెట్టిపోయినప్పటికంటే తగ్గింది. పక్కనే వాడిన సూది. దానికి టోపీ కూడా బుద్ధిగా పెట్టి ఉంది.



"అవ్వా! సూది ఎప్పుడు ఏసుకున్నడు?"

"పొద్దుగాల. తానం చేసొచ్చి, పొట్ట మీద ఏసుకుని, తడిబట్టతోనే గద్దె కాడికి పోయిండు."

"ఇయ్యాల ఏసుకోడనుకున్ననే!"

"ఎట్ల ఏసుకోడు? ఒట్టు పెట్టించింది నువ్వే గద!"

పెట్టించింది ఆమే. చలికాలంలో ముయా సూదులన్నీ కంచెలో పారేసి, వేరుమందు తాగుతూ, కుడికాలి వేలికి పుండు తెచ్చుకున్నాడు. అప్పుడు భీమే తండ్రిని రెక్క పట్టుకుని గద్దె దగ్గరికి లాక్కుపోయింది. రాయి మీద చెయ్యి పెట్టించి, వాన వచ్చినా వరద వచ్చినా సూది మాననని చెప్పించింది. ముక్కు మీద కోపం గల పిల్ల. అనుకున్నది జరిగేదాకా ఎవరినీ కూర్చోనివ్వదు, తనూ కూర్చోదు. ఆ రోజు నుంచి ముయా ఒక్క పూటా మానలేదు. తల్లి ముందు ఇచ్చిన మాటను తల్లి పండుగనాడు తప్పుతాడా? ఆ మాత్రం ఆలోచన తోచలేదు చూశారా ఆ పిల్లకి!

చావడిలో డోలు బిగిస్తున్న అన్న ముకేష్ ఈ గొడవకు లేచి వచ్చాడు.

"ఏందే నీ లొల్లి? ఏసుకోకుంటే తిడతవ్, ఏసుకుంటే ఏడుస్తవ్. ఒక దారిల ఉండవా నువ్వు?"

"అన్నా, నాయిన గద్దె కాడ ఎట్లున్నడు? చెమటలు పడుతున్నయా?"

"ఎండల కూసుంటే చెమట పట్టదా? అవతలి గుంపు ఇండ్ల పెద్దమనుషులు రాలే. వాళ్ళొస్తె గాని పూజ లేదు. ముందు చెప్పు, సూది ఏసుకుంటే ఏమైంది?"

భీమే పెదవి కొరుక్కుంది. చెప్పాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఉట్టి మీది బెల్లం ముక్క అందుకుని, చెంగున మూట కట్టి, గడప దాటింది.

"బెల్లం ఎందుకే? పిల్లా! ఓ పిల్లా!"

భీమే వెనక్కి చూడలేదు. మంగి చేతుల పేడ కడుక్కోకుండానే కూతురి వెనక నడిచింది. ఎందుకు నడుస్తోందో ఆమెకూ తెలీదు.

* * *

తల్లి రాయిని నిలిపిన గద్దె ఊరి చివర ఇప్పచెట్టు కింద ఉంది. చుట్టూ రాళ్ళు పరిచి హద్దు కట్టారు. పూజ ముగిసేదాకా ఆడవాళ్ళు ఆ రాళ్ళు దాటకూడదు. తల్లి ముందు కొత్త చేటలో మామిడికాయలు పోసి ఉన్నాయి. గంప కింద కోడిపిల్ల కీచుమంటోంది.

రాళ్ళ బయట ఊరు ఊరంతా లేచి నిలబడి ఉంది.

గద్దె ముందు ముయా ఊగుతున్నాడు.

ఒళ్ళంతా చెమట. పంచె తడిసి తొడలకు అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎదుట ఎవరినీ చూడడం లేదు.

"తల్లి దిగింది," అన్నారెవరో లోగొంతుకతో.

ముయా తమ్ముడు బుధ్రాం చేతులు జోడించి అన్న ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పూజకు కావలసినవన్నీ అందించేది ఆయనే. పెద్ద గొంతు మనిషి. ఇప్పుడు ఆ గొంతు కూడా సన్నబడింది.

"అమ్మా, వచ్చినవా తల్లీ! ఈ ఏడు వానలెట్ల? పంటెట్ల? చెప్పు తల్లీ!"

ముయా పెదవులు కదిలాయి. "చీకటి," అన్నాడు. "చీకటైంది. దీపం... దీపం పెట్టుండ్రి."

నడినెత్తిన సూర్యుడు మండుతున్నాడు. జనంలో ఒక ఆడమనిషి పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఎక్కడ తల్లీ చీకటి? ఎవరింట్ల?"

"నా ఇంట్ల."

డోలు దెబ్బ తప్పింది. బుధ్రాం ముఖం పాలిపోయింది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే భీమే వచ్చిపడింది.

"తల్లి కాదు! చిన్నాయనా, తల్లి కాదు! ఒంట్ల చక్కెర పడిపోయింది. ఇట్లనే వదిలేస్తే పోతడు!"

రాళ్ళు దాటబోయిన ఆమెను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు. ముకేష్ వెనక నుంచి ఉరికొచ్చి ఆమె జబ్బ దొరకబుచ్చుకున్నాడు.

"నోరు మూస్తవా లేదా? ఊరంతా చూస్తున్నరు!"

"చూడనియ్యి! ఈ బెల్లం నోట్లె పెట్టుండ్రి. ఇగో, అన్నా, నువ్వన్న పెట్టు. నీ కాళ్ళు మొక్కుత."

ముకేష్ ఆ బెల్లం ముక్క వంక చూశాడు, బాబాయి వంక చూశాడు. చెయ్యి చాపలేదు.

బుధ్రాం లేచి నిలబడ్డాడు. "తల్లి తినకముందు పెర్మ నోట్ల పిసరన్న పడితే ఏమైతదో తెలుసునా నీకు? మా తాత కాలంల ఒకసారి అట్లనే అయింది. ఆ ఏడాది ఈ ఊళ్ళె పిల్లలు మిగలలే. నీకేంది, నువ్వు కొంటాకు పోతవ్. ఉండేది మేము."

"ఆ మనిషి చస్తడు చిన్నాయనా!"

"తల్లి తీసుకపోతె తీసుకపోతది!"

ఎంత మాటన్నాడు! అన్న తరువాత తన మాట తనకే భయం వేసింది కాబోలు, బుధ్రాం కళ్ళు దించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. అన్నంటే ప్రాణం. కానీ వెనకాల ఊరు ఉంది.

ముయా పక్కకు ఒరిగాడు. ఊగడం ఆగిపోయింది. దవడ బిగుసుకుంటోంది.

అప్పుడు మంగి కదిలింది.

ఆమె అరవలేదు. మెల్లగా కూతురి దగ్గరికి వచ్చి చేతిలో బెల్లం తీసుకుంది. పేడ చేతులతోనే, ఏదో ఇంట్లో పనికి పోతున్నట్టు, నడుచుకుంటూ రాళ్ళు దాటి గద్దె ముందుకు పోయింది. ఆపడానికి ఎవరికీ తోచలేదు.

"వదినె! ఏం చేస్తున్నవ్? తల్లి ఉన్నది ఆయన మీద!"

"బుధ్రాం, ఈయనతోటి కాపురం చేసింది నేను," అంది మంగి. "పెండ్లై వచ్చిన కాడ్నుంచి చూస్తున్న. ఎన్నడన్న ఈయన ఒళ్ళు ఊగిందా? ఊగేది వడ్డె, తల్లి మీదికొచ్చేది ఆయనకు. పెర్మ పని కూసొని పెట్టుడు. తల్లికి తెల్వదా ఎవల మీదికి రావాల్నో? నువ్వు మరిచినవ్ గాని తల్లి మరిచిందా?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అది అక్కడున్న ముసలివాళ్ళందరికీ తెలుసు.

మంగి బెల్లం ముక్కను రాయి ముందు పెట్టి చేతులు జోడించింది. "తల్లీ, ముందు నువ్వు తిను. తప్పైతే నా మీద ఏసుకో. ఆడమనిషి చెయ్యి అని చూడకు, ఆకలిగొన్నోని కోసం చాపిన చెయ్యి అని చూడు."

తరువాత ఆ బెల్లాన్నే చిదిపి ముయా తలను ఒళ్ళోకి తీసుకుంది.

"బుగ్గ లోపల రుద్దు అవ్వా! మింగమనకు, రుద్దు!" అని అరిచింది భీమే రాళ్ళ ఇవతల నుంచి. ముకేష్ పట్టు ఎప్పుడు వదిలాడో ఆమె చూసుకోలేదు.

మంగి వేలితో రుద్దింది. మళ్ళీ ఇంకొంచెం. డోలు ఆగిపోయింది. గంప కింద కోడిపిల్ల కూడా ఊరుకుంది.

చాలాసేపటికి ముయా గొంతు కదిలింది. గుటక వేశాడు. కళ్ళు తిప్పి పెళ్ళాం ముఖం చూశాడు.

"తల్లి తిన్నదా?" అని అడిగాడు.

మంగి తల ఊపింది. ఏడుపు ముంచుకొచ్చింది.

బుధ్రాం గంప ఎత్తి కోడిపిల్లను బయటికి వదిలాడు. దాని ముందు గింజలు చల్లాడు. అది గింజ ముడితే తల్లి ఒప్పుకున్నట్టు లెక్క.

కోడిపిల్ల గింజల మధ్య నిలబడింది. మెడ అటూ ఇటూ తిప్పింది. గింజలు తొక్కుకుంటూ చెట్టు వెనక్కి పోయింది.

* * *

పొద్దు వాలేసరికి ముయా ఇంటి చావడిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంజి తాగాడు. ముఖంలో రక్తం తిరిగింది. కుడికాలు చాపుకున్నాడు. వేలికి చుట్టిన గుడ్డ మట్టి కొట్టుకుపోయింది.

ఊళ్ళో ఎవరూ మామిడికాయ కొరకలేదు. చేటలో కాయలు చేటలోనే ఉన్నాయి. మామూలుగా ఈ వేళకు వీధంతా ఆటలూ పాటలే. ఇప్పుడు ఏ ఇంట్లోనూ అలికిడి లేదు.

బుధ్రాం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దమనుషులు రేపు పొద్దున కూసుంటరంట. ఈ ఏడు కొత్త ఎట్ల తినాల్నో, అసలు తినాల్నో వద్దో తేలుస్తరు. నన్నడిగిండ్రు, ఎందుకిట్లయిందని. ఏం చెప్పాలె అన్నా?"



ముకేష్ లోపలికి పోయి ఇసుకతో సహా ముంతను పెకలించి తెచ్చాడు. తండ్రి ముందు దబ్బున పెట్టాడు.

"ఏం చెప్పుడేంది? ఇదే చెప్పు. ఈ సూది వల్లనే అయింది. నేను మొదటి నుంచి మొత్తుకుంటున్న, వద్దు వద్దని. విన్నరా? వేరుమందు తాగినన్ని రోజులు ఎన్నడన్న ఇట్ల పడిపోయినవా నాయినా?"

"వేరుమందుకే గద కాలు పుండయింది!" అంది భీమే.

"కాలుకు పుండయింది. ప్రాణం పోలే గద! ఇయ్యాల దీన్ని తీసుకపోయి సబరి ఏట్ల కలుపుత. పీడ పోతది."

"ముట్టుకుంటే ఊరుకోను అన్నా!"

"ఏం చేస్తవే? ఏం చేస్తవ్?"

"ఆగుండ్రి," అన్నాడు ముయా.

ఇద్దరూ ఆగారు. ముయా ముంతలోకి చూస్తూ మెల్లగా అన్నాడు. "తల్లి ముందర ఒట్టు పెట్టిన. ఒక్కపూట తప్పలే. కడుపు ఎండబెట్టమంటే ఎండబెట్టిన, అదీ తప్పలే. రెండూ చేసిన. మరి తల్లి నన్నెందుకు పడగొట్టింది? నాకది తెల్వాలె. తెల్వకుంటె నేను మల్ల ఆ సూది ముట్ట."



మంగి అప్పటిదాకా పొయ్యి దగ్గర వీళ్ళకు వీపు పెట్టి కూర్చుంది. ఇటు తిరగకుండానే అడిగింది.

"పిల్లా. పొద్దుగాల ఇంట్లకొస్తూనే ఏమడిగినవ్?"

భీమే ఉలిక్కిపడింది.

"నాయిన ఏమన్న తిన్నడా అని అడిగినవ్. సూది సంగతి తరువాత. ముందు తిండి అడిగినవ్. ఎందుకడిగినవ్?"

ముకేష్ చెల్లెలి ముఖంలోకి తొంగి చూశాడు.

ఇక్కడ భీమే పక్షాన చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నోరు మూసుకుంటే సరిపోయేది. నేరం సూది మీద పోయేది, ఊరు నమ్మేది, ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ తరువాత ముంత సబరిలోకి పోయేది, దాని వెనకే ముయా కాలు, కాలు వెనకే ముయా. అది ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అందుకే చెప్పింది.

"తినకుంటే సూది ఏసుకోవద్దు. అస్పతాల్ల సిస్టర్ మొదటి రోజే చెప్పింది. తినని రోజు ఏసుకుంటే పడిపోతరు అన్నది. బెల్లం దగ్గర పెట్టుకొమ్మన్నది."

"మరి?" అన్నాడు ముయా.

"నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తె రోజూ తినలేదంటవని!" అంది భీమే. "నీ సంగతి నాకు తెల్వదా నాయినా? జొరమొచ్చిందని ఒకరోజు, సంతకు పోవాలని ఒకరోజు, చెయ్యి నొస్తుందని ఒకరోజు. ఎన్ని సాకులు చెప్పినవ్! ఇంకొక్క సాకు నీ చేతికియ్యొద్దనుకున్న. ఇయ్యాల పండుగ, ఎట్లనూ ఎగ్గొడతవ్ అనుకున్న. నేనొచ్చినంక కొత్త తిన్నవంటే అప్పుడు ఏద్దామనుకున్న. ఆటో దొరకలే. నువ్వు ఒట్టును ఇంతగనం పట్టుకుంటవని నేననుకోలే నాయినా."

ముకేష్ చెయ్యి లేచింది. "ఊరి పండుగ పాడుచేసి, తల్లి ముందర అవ్వను దోషి చేసి..."

"ముకేష్!"

ముయా గొంతు పెద్దగా లేదు. అయినా ఆ చెయ్యి గాలిలోనే ఆగింది.

బుధ్రాం కండువా భుజాన వేసుకున్నాడు. భీమే వంక చూడలేదు. "రేపు పెద్దమనుషుల ముందర ఈ మాటే చెప్పాలె. సూది కాదు, నా బిడ్డ వల్లనే అయిందని చెప్పాలె. చెప్తవా అన్నా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ముయా ముంతను తన పక్కకు లాక్కున్నాడు. అది చూసి భీమేకు ప్రాణం లేచివచ్చింది. సూది పోలేదు. తిట్టినా పడుతుంది, కొట్టినా పడుతుంది, సూది మాత్రం పోలేదు.

"దగ్గరికి రా," అన్నాడు.

వెళ్ళి కూర్చుంది. ముయా ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నా మంచికే దాచినవ్. సరే. ఇంకేం దాచినవ్ బిడ్డా?"



పోయిన నెల భద్రాచలంలో డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. వేలు నల్లబడింది, తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే పాదం దాకా పోతుంది. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, నరం చచ్చిపోయిన గుర్తు. ఆ మాట ఆమె ఇంటిదాకా తేలేదు. అంగం తెగిన మనిషి గద్దె ముందు కూర్చోకూడదు. వేలు పోతే పెర్మ పని పోతుంది. పెర్మ పని పోతే ఈ మనిషి బతుకుతాడా? సూది మానకుండా వేస్తే అదే మానిపోతుందనుకుంది. అందుకే కొంటా నుంచి వచ్చినప్పుడల్లా కట్టు తానే మార్చేది, విప్పేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు, ఆయననూ చూడనిచ్చేది కాదు.

"ఏం లేదు నాయినా," అంది.

నోరు అన్నది గానీ కళ్ళు వినలేదు. అవి తిన్నగా ఆయన కాలి మీదికి పోయాయి. గోడ వార నుంచి సన్నగా చీమల బారు వచ్చి, ఆ గుడ్డ మడతల్లోకి దూరుతోంది. ముయాకు కుట్టినట్టు కూడా తెలియడం లేదు.

కూతురి చూపు ఎక్కడ ఆగిందో ముయా చూశాడు. చీమలను చూశాడు.

ఆమె తల మీది నుంచి చెయ్యి తీసి, ముందుకు వంగి, ఆ గుడ్డ ముడి తానే విప్పడం మొదలుపెట్టాడు.